నడిచాక నాడి ఎలా లెక్కపెట్టాలి

పొద్దున లేవగానే, మంచం దిగకముందే మొదటి లెక్క తీసుకోండి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి మొదలుకు దిగువన మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు మెల్లగా ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దానిలో కూడా నాడి తెలుస్తుంది కాబట్టి లెక్క తారుమారవుతుంది. నిమిషం నిండా లెక్కపెట్టండి. మూడు రోజుల సగటే మీ విశ్రాంతి వేగం.

50 ఏళ్ల మనిషికి అది 70 అనుకుందాం. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం 170. ఈ రెంటికీ తేడా 100. అందులో సగం 70కి కలిపితే 120, డెబ్బై శాతం కలిపితే 140. వ్యాయామంలో నాడి ఈ మధ్యలో ఉంటే చాలు. అయితే 220 అనేది ఉజ్జాయింపు, పది పన్నెండు అటూఇటూ కావడం మామూలే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నా లెక్కలో ఈ పరీక్షే ఎక్కువ నమ్మదగ్గది.

నడక ఆపిన వెంటనే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. పై ఉదాహరణలో 30 నుంచి 35 దెబ్బలు రావాలి. ఇక్కడ నిమిషం నిండా లెక్కపెడితే అసలు వేగం దొరకదు, ఆలోపే నాడి దిగిపోతుంది.

ఎందుకు దిగుతుందంటే, గుండె దెబ్బలను పుట్టించే కణాల గుంపైన సైనస్ నోడ్‌ను దాని మానాన వదిలేస్తే గుండెను నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టిస్తుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం బ్రేకు పట్టి ఉంచబట్టే కూర్చున్నప్పుడు 70 ఉంటుంది. అడుగు వేయగానే మెదడు ముందు ఆ బ్రేకు వదులుతుంది, క్షణాల్లో వేగం పెరుగుతుంది. ఇంకా పైకి వెళ్లాలంటే గుండెను వేగంగా కొట్టించే సింపథెటిక్ నరాలు, అడ్రినలిన్ హార్మోను పని అందుకోవాలి. వాటికి కాస్త సమయం పడుతుంది, అందుకే 5 నుంచి 10 నిమిషాల వార్మప్. ఆగగానే బ్రేకు మళ్లీ పడుతుంది. మొదటి నిమిషంలో కనీసం 12 దెబ్బలకు మించి తగ్గాలి. ప్రతిసారీ అంతకన్నా తక్కువే తగ్గుతుంటే డాక్టరుకు చూపించుకోండి.

ఆ లెక్క తీసుకునేటప్పుడూ ఊరికే నిలబడిపోకండి, నెమ్మదిగా కాళ్లు కదపండి. పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెట్టడం మానేస్తే అది కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. మెడ దగ్గర నాడి చూస్తే ఒక పక్కే, మెత్తగా. రెండు పక్కలా నొక్కితే సొమ్మసిల్లే ప్రమాదం ఉంది.

రోహిణి కార్తె ఎండల్లో అదే నడకకు నాడి ఎక్కువ చూపిస్తుంది. చెమటతో నీరు పోతుంది, రక్తం చర్మం వైపు మళ్లుతుంది, ఒక్కో దెబ్బకు గుండె తోసే రక్తం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి దెబ్బలు పెరుగుతాయి. అప్పుడు నడక తగ్గించండి, నీళ్లు తాగండి.

అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి ఈ 120, 140 లెక్క వర్తించదు. నాడి పెరగకుండా పట్టి ఉంచడమే ఆ మాత్రల పని. అంకె కోసం పరుగెత్తకుండా, మాట పరీక్షతోనే నడవండి. ఛాతీలో నొప్పి, బిగుతు వస్తే నాడి ఎంతున్నా అక్కడికక్కడే ఆగిపోవాలి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.