రిపోర్ట్ రాకముందే తాళంచెవి ఇవ్వకండి: గోల్డ్ లోన్ సీజన్‌లో కొత్త స్టాఫ్‌ను తీసుకునేవారికి జాగ్రత్తలు

2025 ఆగస్టులో మంచిర్యాల జిల్లా చెన్నూరులోని ఒక బ్యాంకు బ్రాంచిలో బయటపడ్డ కేసు బ్యాంకుల్లో పనిచేసేవాళ్లెవరూ మర్చిపోలేదు. ఖాతాదారులు కుదువపెట్టిన బంగారంలో 20 కిలోలకు పైగా మాయమైంది. క్యాషియర్ దాన్ని ప్రైవేటు గోల్డ్ లోన్ కంపెనీల్లో తాకట్టు పెట్టించాడని, ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పోగొట్టుకున్నాడని పోలీసులు చెప్పారు. ఆ కంపెనీల సిబ్బందిలో కూడా కొందరు అరెస్టయ్యారు. అంటే బంగారం బయటికి పంపినచోటే కాదు, లోపలికి తీసుకున్నచోట కూడా అనుమానం ఉద్యోగుల మీదే.

ఇప్పుడు మళ్లీ వానాకాలం పెట్టుబడుల రోజులు. కౌంటర్ ముందు క్యూ, బ్రాంచిలో మనుషులు తక్కువ, పైనుంచి టార్గెట్ల టెన్షన్. ప్రైవేటు బ్యాంకులు, సహకార బ్యాంకులు, గోల్డ్ లోన్ కంపెనీలు హడావుడిగా మనుషుల్ని తీసుకునేది ఇలాంటప్పుడే. ఆధార్, పాన్, డిగ్రీ సర్టిఫికెట్ చూడమని మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

నేను చూసినంతలో మేనేజర్లను నిలువునా ముంచిన తప్పు ఒక్కటే. "వెరిఫికేషన్ నడుస్తోందిగా, ఈలోపు పని నేర్చుకుంటాడు" అని సీట్లో కూర్చోబెట్టడం. మొదట కౌంటర్ అంటారు. ఆ తర్వాత ఎవరో సెలవు పెడతారు, స్ట్రాంగ్ రూమ్ రెండు తాళాల్లో ఒకటి ఇతని చేతికొస్తుంది. నెలాఖరుకు వెరిఫికేషన్ రిపోర్ట్ వస్తుంది, పాత కంపెనీలో షార్టేజీ వస్తే తీసేశారని. అప్పటికి ఏ ప్యాకెట్ ముట్టుకున్నాడో ఎవరు చెప్పగలరు? సీళ్లు విప్పి అన్నీ మళ్లీ తూకం వేయాల్సిందే. తాళంచెవుల రిజిస్టర్‌లో సంతకం మీది కాబట్టి మొదటి ప్రశ్నా మిమ్మల్నే అడుగుతారు.

పాత ఉద్యోగం

రిలీవింగ్ లెటర్‌ను నమ్మకండి, తేదీలను నమ్మండి. అభ్యర్థి చేత మీ ఎదురుగానే పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తెరిపించండి. లెటర్‌లో మార్చి దాకా పనిచేసినట్టు ఉండి, పీఎఫ్‌లో డిసెంబరుకే ఎగ్జిట్ పడి ఉంటే మధ్యలో ఏం జరిగిందో అడగాలి. మొదటి ఉద్యోగంలోనే నెల జీతం (బేసిక్, డీఏ కలిపి) 15,000 దాటినవాళ్లకు పీఎఫ్ లేకపోవచ్చు, అది తప్పు కాదు. వాళ్ల దగ్గర జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ చూడండి.

రెజ్యూమేలో ఇచ్చిన "పాత మేనేజర్" నంబర్‌కు ఫోన్ చేస్తే అతని స్నేహితుడే ఎత్తవచ్చు. కంపెనీ నంబర్ మీరే వెతికి హెచ్‌ఆర్‌తో మాట్లాడండి.

అప్పులు

క్రెడిట్ రిపోర్ట్ ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, తెచ్చి చూపించమనండి. స్కోరు తక్కువుందని మనిషిని దొంగను చేయకండి. నాన్న పంట పోయి ఎడ్యుకేషన్ లోన్ కట్టలేని పిల్లలు మన దగ్గర ఎంతమంది లేరు? చూడాల్సింది వేరే: ఈ మధ్యే వరసగా తీసుకున్న చిన్న చిన్న యాప్ లోన్లు, ఒకటి కట్టడానికి ఇంకొకటి. బెట్టింగ్ ఉన్నచోట తరచూ కనిపించేది ఇదే.

ఇక మిగతావి.

వివరాలు సేకరించే ముందు రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి.

పోలీస్ వెరిఫికేషన్ శాశ్వత చిరునామాకు ఒక్కదానికే కాదు, ఇప్పుడు ఉంటున్న చోటికి కూడా చేయించండి.

అప్రైజర్‌ను, అవుట్‌సోర్సింగ్ కుర్రాణ్ణి, సెక్యూరిటీ గార్డును వదిలేయకండి. బంగారం అసలో నకిలీయో చెప్పేది అప్రైజరే.

ఎమ్మెల్యేగారి మనిషైనా, రీజనల్ మేనేజర్ బామ్మర్ది అయినా రిపోర్ట్ రావాలి.

రిపోర్ట్ రాకముందే తాళంచెవి ఇవ్వకండి. ఒక్క పూటకి కూడా.

లాగిన్ ఇవ్వకండి. మీ పాస్‌వర్డ్ అసలే ఇవ్వకండి. మ్యూల్ అకౌంట్ (మోసగాళ్లు డబ్బు మళ్లించడానికి వేరేవాళ్ల పేరు మీద వాడే ఖాతా) తెరవడానికి తాళంతో పనిలేదు, లాగిన్ చాలు.

నియామకాల్లో తగిన స్క్రీనింగ్ ఉండాలని ఆర్‌బీఐ కేవైసీ నిబంధనల్లోనే ఉంది. "హెచ్‌ఆర్ చూసుకుంటుందిలే" అంటే ఇన్‌స్పెక్షన్‌లో చెల్లదు.

కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏడాదికి ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా, సెలవు మీద పంపమని బ్యాంకులకు ఆర్‌బీఐ చెప్పింది. పంపండి. ఆ రోజుల్లో ఆఫీసు వైపు రానివ్వకండి.

ఒక మనిషి బదిలీ అయ్యాడా, తాళాలు మార్చండి. 2025 మేలో కర్ణాటకలోని మనగూళి బ్రాంచిలో 58 కిలోల బంగారం పోయిన కేసులో అరెస్టయినవారిలో అక్కడి నుంచి బదిలీ అయిన మేనేజరే ఉన్నాడు.

రిపోర్ట్ "పెండింగ్" అని ఉంటే రాలేదనే అర్థం. తాళంచెవి ఇవ్వకండి. మనిషి లేకపోతే ఆ పూట గోల్డ్ లోన్ కౌంటర్ మూసేయండి.