గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి ఒక్కరోజులో నడవాలంటే
సోన్‌ప్రయాగ్‌లో షేర్ జీపు పట్టుకుని తెల్లారేసరికి గౌరీకుండ్ చేరిపోండి, అక్కణ్ణుంచి నడక సుమారు 16 కిలోమీటర్లు, గుడి ఎత్తు 3,583 మీటర్లు. యాత్ర రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. మొదట్లో ఉత్సాహంగా పరిగెత్తకండి ప్లీజ్, 2013 వరదలో దారి మధ్యలోని రాంబాడా ఊరు కొట్టుకుపోయాక దారి మందాకిని నది దాటి అవతలి ఒడ్డుకి మారింది, అసలు ఎక్కుడు అక్కడే, లించోలీ దాకా కాళ్లు లాగేస్తాయి. పది అడుగులేసి ఆగినా పర్లేదు, ఊపిరి ముఖ్యం. గుర్రాలు వస్తే కొండ గోడవైపు నిలబడండి, లోయవైపు అస్సలొద్దు! రెయిన్‌కోటు, స్వెట్టరు బ్యాగులో పైనే పెట్టుకోండి, ఎండ కాస్తూనే వాన పడిపోతుంది. తలనొప్పి, వాంతులు ఎక్కువైతే మొండికేయకుండా కిందకి దిగిపోండి. మబ్బు విడిచి మంచుకొండలు కనిపిస్తే మాత్రం కాసేపు కూర్చుని చూడండి, ఎంత బాగుంటుందో!