ఆఫీసుకు సైకిలా, స్కూటరా, బస్సా?

కర్నూలులో ఇంటికీ ఆఫీసుకూ మధ్య 4 కిలోమీటర్ల లోపు దూరం ఉన్నవారు, గుమ్మం దాటినప్పటి నుంచి కుర్చీలో కూర్చునే వరకు పట్టే సమయాన్ని ఒక వారం పాటు కాగితం మీద రాసి చూడండి. గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే సైకిల్ మీద 20 నిమిషాలు మించవు. రాజ్‌విహార్ కూడలిలో ఆగుతూ, బండి నిలపడానికి నీడ వెతుక్కుంటూ వెళ్లే స్కూటరు అంతకంటే ఎంతో ముందుగా చేరదు. పైగా లీటరుకు 40 కిలోమీటర్లు ఇచ్చే బండికి, రోజుకు 8 కిలోమీటర్ల చొప్పున 25 రోజులకు 5 లీటర్ల పెట్రోలు కావాలి.

అయితే ఏప్రిల్, మే నెలల్లో మన ఎండను తేలిగ్గా తీసుకోకూడదు. ఉదయం 8 గంటల లోపే బయలుదేరి, చేరాక పది నిమిషాలు ఫ్యాను కింద చెమట ఆరనిచ్చి, సంచిలోని ఉతికిన చొక్కా వేసుకోవడం నాకు అలవాటైంది. ముందు రోజు రాత్రే టైరును బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా దిగితే గాలి కొట్టించండి. గాలి తగ్గిన సైకిల్ తొక్కితే పిక్కలు పట్టేస్తాయి.

డోన్, నంద్యాల నుంచి రోజూ వచ్చేవారికి మాత్రం బస్సే మేలు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం కనుక, వారు గుర్తింపు కార్డును సంచిలోనే ఉంచుకోవాలి.