కాలేజీ కుస్తీ డ్యూయల్ మీట్ ఫలితాన్ని అంచనా వేయడం ఎలా

అమెరికా కాలేజీ కుస్తీలో రెండు జట్లు ముఖాముఖి తలపడే పోటీని డ్యూయల్ మీట్ అంటారు. 125, 133, 141, 149, 157, 165, 174, 184, 197, 285 పౌండ్లనే పది బరువు విభాగాల్లో ఒక్కో జట్టు నుంచి ఒక్కొక్కరు దిగుతారు. అంటే మొత్తం పది బౌట్లు జరుగుతాయి, వాటిలో వచ్చిన జట్టు పాయింట్లను కూడితే ఫలితం తేలుతుంది. అంచనా వేసేవారిలో ఎక్కువమంది ఏ విభాగంలో ఎవరిది పైచేయి అవుతుందో గుర్తు పెట్టుకుంటూ వచ్చి, ఆరు గుర్తులు పడిన జట్టుదే గెలుపని తేల్చేస్తారు. నేను కూడా చాలాకాలం అలాగే లెక్కవేశాను. ఆ లెక్క ఎన్నోసార్లు తప్పిన తరువాత నాకు అర్థమైనదేమిటంటే, డ్యూయల్ మీట్‌లో ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో, ఓడేవాడు ఎంత తేడాతో ఓడతాడన్న ప్రశ్నకూ అంతే విలువ ఉంది.

దీనికి కారణం పాయింట్ల పద్ధతిలోనే ఉంది. బౌట్‌ను ఎనిమిది పాయింట్ల లోపు తేడాతో, అంటే ఒకటి నుంచి ఏడు వరకు, గెలిస్తే దాన్ని డెసిషన్ అంటారు, జట్టుకు 3 పాయింట్లు వస్తాయి. తేడా ఎనిమిది నుంచి పద్నాలుగు వరకు ఉంటే అది మేజర్ డెసిషన్, దానికి 4. తేడా పదిహేనుకు చేరగానే బౌట్ అక్కడికక్కడే ఆగిపోతుంది, ఆ టెక్నికల్ ఫాల్‌కు 5. ప్రత్యర్థి భుజాలను మ్యాట్‌కు అదిమిపట్టి చిత్తు చేస్తే 6. ప్రత్యర్థి బరిలోకే రాకపోయినా, గాయంతో తప్పుకున్నా, అనర్హుడైనా ఆ ఆరు పాయింట్లే. మూడుకు పైన వచ్చే ఈ అదనపు పాయింట్లనే బోనస్ పాయింట్లంటారు.

ఇప్పుడు ఒక ఊహాత్మక మీట్ తీసుకోండి. మొదటి జట్టు ఆరు విభాగాల్లో గెలిచింది, కానీ ఆరూ డెసిషన్లే, కాబట్టి దాని ఖాతాలో 18 పాయింట్లున్నాయి. రెండో జట్టు గెలిచినవి నాలుగే. వాటిలో ఒకటి చిత్తు, ఒకటి టెక్నికల్ ఫాల్, రెండు మేజర్ డెసిషన్లు. ఆరు, ఐదు, నాలుగు, నాలుగు కలిపితే 19. నాలుగు బౌట్లు గెలిచిన జట్టే మీట్ గెలిచింది. పెద్ద జట్ల మధ్య తేడా ఎంత సన్నగా ఉంటుందో చూడాలంటే 2015 నవంబరులో అయోవా విశ్వవిద్యాలయపు కినిక్ ఫుట్‌బాల్ స్టేడియంలో, ఆరుబయట, 42,287 మంది ప్రేక్షకుల ముందు జరిగిన మీట్‌ను గుర్తు చేసుకోవచ్చు. అందులో అయోవా ఓక్లహోమా స్టేట్‌ను 18–16తో ఓడించింది. ఒక మామూలు డెసిషన్ విలువకన్నా కూడా ఆ తేడా తక్కువ.

అంచనాకు మొదటి మెట్టు ఎవరు బరిలోకి దిగుతారో తెలుసుకోవడం. మీట్‌కు ముందు జట్లు ప్రకటించే జాబితాలో కొన్ని విభాగాల దగ్గర ‘ఫలానా లేదా ఫలానా’ అని రెండు పేర్లు కనిపిస్తాయి. ఆ ‘లేదా’ దగ్గరే సగం అంచనాలు తలకిందులవుతాయి, కాబట్టి అక్కడ ఇద్దరికీ విడివిడిగా లెక్క వేసుకోవాలి. రెండు వారాలుగా కనిపించని రెజ్లర్ ఉన్నాడంటే, గాయం వార్త బయటికి రాకపోయినా, అతని స్థానంలో రెండో వరుస కుర్రవాడు రావచ్చునన్న అనుమానాన్ని లెక్కలో ఉంచుకోవాలి. అలాగే ఒక రెజ్లర్ తాను బరువు తూగిన విభాగంలోనే కాక దాని పై విభాగంలో కూడా పోటీ చేయవచ్చు. కోచ్ ఒక్కరిని ఒక మెట్టు పైకి జరిపినా పది బౌట్లలో రెండు జోడీలు ఒకేసారి మారిపోతాయి. ఇరుజట్ల బలహీన విభాగాలు పక్కపక్కనే ఉన్నప్పుడు ఇటువంటి ఎత్తుగడను ముందే ఊహించడం మంచిది.

బరువు తూగడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1997 చివరి వారాల్లో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు అతి వేగంగా బరువు తగ్గే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తరువాత నిబంధనలు కఠినమయ్యాయి, బరువు విభాగాలను కూడా పైకి జరిపారు, డ్యూయల్ మీట్లలో తూకాన్ని పోటీకి గంట ముందుకు తెచ్చారు. బరువు తగ్గించుకుని వచ్చినవాడికి తేరుకునే వ్యవధి ఇప్పుడు చాలా తక్కువ. అందువల్ల ఈ సీజన్‌లోనే కింది విభాగానికి దిగిన రెజ్లర్ ఉంటే, అతని పాత విజయాలను అలాగే ముందుకు తీసుకురాకుండా, కొత్త బరువులో చివరి రెండు నిమిషాలు ఎలా ఆడుతున్నాడో చూడాలి. బౌట్ మొత్తం ఏడు నిమిషాలు, మొదటి పీరియడ్ మూడు, తరువాతివి రెండేసి నిమిషాలు. బరువు తగ్గించుకున్న అలసట ఎక్కువగా బయటపడేది మూడో పీరియడ్‌లోనే.

రెండో మెట్టు, ప్రతి విభాగంలో ఎవరికి మొగ్గు ఉందో తేల్చడం. ఇంటర్‌మ్యాట్, ఫ్లోరెజ్లింగ్ వంటి కుస్తీ వెబ్‌సైట్లు ప్రకటించే ర్యాంకులు మొదలుపెట్టడానికి పనికివస్తాయి. కానీ ఆరో ర్యాంకుకూ తొమ్మిదో ర్యాంకుకూ ఉన్న తేడా ఒకటో ర్యాంకుకూ నాలుగో ర్యాంకుకూ ఉన్న తేడాతో సమానం కాదు. కొన్ని విభాగాల్లో మొదటి ఇద్దరికీ తక్కినవారికీ మధ్య పెద్ద అగాధం ఉంటుంది, మరికొన్నింటిలో మూడు నుంచి పదిహేను వరకు ఎవరు ఎవరినైనా ఓడించగలరు. ఇద్దరూ పోటీపడిన ఉమ్మడి ప్రత్యర్థుల ఫలితాలు ర్యాంకులకన్నా నమ్మదగినవే, కానీ అక్కడా తొందరపడకూడదు. కాళ్లపైకి దూసుకొచ్చేవాడికి ఎదురుదెబ్బ తీయడంలో ఆరితేరిన రెజ్లర్, ఓపికగా చేతుల దగ్గరే పోరాడేవాడి ముందు ఏమీ చేయలేకపోవచ్చు. ఒకడు రెండోవాడిని, రెండోవాడు మూడోవాడిని ఓడించినంత మాత్రాన మొదటివాడు మూడోవాడిని ఓడిస్తాడన్న హామీ కుస్తీలో లేదు. ఇద్దరూ ఇంతకుముందు తలపడి ఉంటే ఆ బౌట్‌ను వీలైతే పూర్తిగా చూడండి, స్కోరు ఒక్కటే చూసి వదిలేయకండి.

మూడో మెట్టే అసలు పని, అంటే తేడాను అంచనా వేయడం. ఇక్కడ 2023–24 సీజన్ నుంచి వచ్చిన మార్పును లెక్కలోకి తీసుకోకుండా ముందుకు వెళ్లలేము. అంతకుముందు టేక్‌డౌన్‌కు, అంటే ప్రత్యర్థిని నిలబడిన స్థితి నుంచి కిందికి తెచ్చి అదుపులో పెట్టుకున్నందుకు, రెండు పాయింట్లుండేవి. ఇప్పుడు మూడు. కింద ఉన్నవాడు తప్పించుకుంటే వచ్చే పాయింటు మాత్రం ఒకటిగానే ఉండిపోయింది. బలమైన రెజ్లర్ తరచుగా చేసేదేమిటంటే, ప్రత్యర్థిని పడేసి, కావాలనే లేవనిచ్చి, మళ్లీ పడేయడం. పాత పద్ధతిలో ఆ ఒక్కో చుట్టుకు నికరంగా ఒక పాయింటే మిగిలేది, ఇప్పుడు రెండు మిగులుతున్నాయి. మిగతా స్కోరింగ్‌నంతా పక్కన పెట్టి ఈ విధంగానే పదిహేను పాయింట్ల తేడా సాధించాలంటే, చివరిసారి లేవనివ్వకుండా ఉన్నాడనుకున్నా, పాత లెక్కలో పద్నాలుగు టేక్‌డౌన్లు కావాలి. కొత్త లెక్కలో ఏడు చాలు. ఏడు నిమిషాల్లో పద్నాలుగు టేక్‌డౌన్లు ఎంత అరుదో, నిమిషానికి ఒకటి చొప్పున ఏడు ఎంత సాధ్యమో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి 2023కు ముందటి బౌట్ల స్కోర్లను నేటి బోనస్ అంచనాకు యథాతథంగా వాడితే, బలమైన జట్టుకు రావలసిన పాయింట్లను తక్కువగా లెక్కపెట్టినట్టే అవుతుంది.

దీనికి తోడు రైడింగ్ టైమ్ ఉంది. ప్రత్యర్థిని కింద అదుపులో ఉంచిన కాలం అవతలివాడికన్నా ఒక నిమిషమో అంతకుమించో ఎక్కువైతే, బౌట్ ముగిసిన తరువాత ఒక పాయింటు కలుస్తుంది. ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూడండి. 174 పౌండ్ల బౌట్‌లో స్కోరు 9–2. పైనున్నవాడు మూడు టేక్‌డౌన్లు సాధించాడు, కిందివాడు రెండుసార్లు తప్పించుకుని మూడోసారి కింద చిక్కుకున్నాడు. ఇంకా ఇరవై సెకన్లున్నాయి, పైవాడి రైడింగ్ గడియారం 52 సెకన్ల దగ్గర నడుస్తోంది. గెలుపోటములు ఎప్పుడో తేలిపోయాయి, కానీ పైవాడు మరో ఎనిమిది సెకన్లు ఉడుంపట్టు పట్టి, విడవకుండా చివరిదాకా నిలిస్తే స్కోరు 10–2 అవుతుంది, డెసిషన్ కాస్తా మేజర్ అవుతుంది. కిందివాడు ఆ ఎనిమిది సెకన్లలోపు మణికట్టు విడిపించుకుని, నడుము తిప్పి, ఎలాగో లేచి నిలబడితే 9–3 దగ్గర ఆగుతుంది, జట్టుకు ఒక పాయింటు మిగులుతుంది. ఆ కుర్రవాడి పేరు మరునాటి వార్తల్లో ఓడినవారి వరుసలోనే ఉంటుంది, అయినా మీట్ ఒక పాయింటుతో తేలినప్పుడు దాన్ని గెలిపించింది అతడే. అందుకే నేను ప్రతి రెజ్లర్ పక్కన రెండు విషయాలు రాసుకుంటాను: తనకన్నా బలహీనులను ఎంత తరచుగా బోనస్‌తో గెలుస్తున్నాడు, తనకన్నా బలవంతుల చేతిలో బోనస్ ఇవ్వకుండా ఎంత తరచుగా ఓడుతున్నాడు. రెండో అంకెను చాలామంది రాసుకోరు. నా అనుభవంలో మొదటిదానికన్నా అదే ఎక్కువసార్లు ఉపయోగపడింది.

ఎంతటి మేటి రెజ్లర్‌నైనా జట్టు లెక్కలో ఆరుకు మించి చూడకూడదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన కేల్ శాండర్సన్ కాలేజీ జీవితమంతా ఒక్క బౌట్ కూడా ఓడకుండా 159–0తో ముగించాడు, అయినా ఒక మీట్‌లో అతను తేగలిగింది గరిష్ఠంగా ఆరు పాయింట్లే. జాతీయ ఛాంపియన్‌షిప్ మాట వేరు. అక్కడ ఎక్కడి రెజ్లర్లైనా ఒకే డ్రాలో ఉంటారు, ఇద్దరు ముగ్గురు ఛాంపియన్లున్న జట్టు పట్టికలో చాలా పైకి పోగలదు. డ్యూయల్‌లో మాత్రం ముగ్గురు ఛాంపియన్లు తెచ్చిన పాయింట్లను నాలుగు బలహీన విభాగాలు తినేయగలవు. శాండర్సన్ కోచ్‌గా ఉన్న పెన్ స్టేట్ 2011 నుంచి 2025 వరకు 12 జాతీయ టైటిళ్లు గెలిచిన మాట నిజమే, అయినా డ్యూయల్ అంచనాకు కూర్చున్నప్పుడు టైటిళ్లను పక్కన పెట్టి ఆనాటి పది పేర్లను చూడాలి.

నాలుగో మెట్టులో కొంత గణితం అవసరమవుతుంది. ఒక బౌట్ పదిసార్లు జరిగితే ఏమవుతుందో ఊహించండి. మీరు మొగ్గు చూపిన రెజ్లర్ ఐదుసార్లు డెసిషన్‌తో, ఒకసారి మేజర్‌తో గెలిచి, నాలుగుసార్లు డెసిషన్‌తో ఓడతాడనుకుందాం. అతని జట్టుకు పదిసార్లకు కలిపి 19, అవతలి జట్టుకు 12 వస్తాయి, అంటే ఒక బౌట్‌కు నికర లాభం 0.7 మాత్రమే. టిక్కు పెట్టి లెక్కవేసేవారు ఇదే బౌట్‌కు నిండు మూడు పాయింట్లు వేస్తారు. ఇటువంటి అరవై శాతం మొగ్గులు ఐదు ఉన్నాయనుకోండి. ఐదూ మీరనుకున్నట్టే జరిగే అవకాశం వందకు ఎనిమిది కూడా లేదు, మూడు గెలిచి రెండు ఓడటమే సహజం. ఇలా పది విభాగాల నికర అంకెలను కూడితే వచ్చే మొత్తం మూడు కన్నా తక్కువగా ఉంటే, ఆ మీట్‌ను సమ ఉజ్జీగా భావించడమే న్యాయం. పది దాటితే ధైర్యంగా ఒక పక్షం చెప్పవచ్చు.

బౌట్ల వరుస కూడా కొంత ప్రభావం చూపుతుంది. ఏ బరువుతో మొదలుపెట్టాలో డ్రా తీసి గానీ కోచ్‌లు ఒప్పుకుని గానీ నిర్ణయిస్తారు, అక్కడి నుంచి వరుసగా పైకి పోయి మళ్లీ కింది నుంచి వస్తారు. 125తో మొదలైతే చివరిది 285 పౌండ్ల హెవీవెయిట్, 174తో మొదలైతే చివరిది 165. చివరి బౌట్‌కు ముందు ఒక జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంటే, ఆ జట్టు రెజ్లర్‌కు మామూలు గెలుపు పనికిరాదు. మేజర్‌తో స్కోరు సమమై ఫలితం టైబ్రేక్ నియమాల చేతిలోకి పోతుంది, టెక్నికల్ ఫాల్ అయితేనే నేరుగా గెలుపు. అటువంటప్పుడు ఆధిక్యంలో ఉన్న జట్టు రెజ్లర్ గెలవడానికి కాక పెద్దగా ఓడకుండా ఉండటానికి ఆడతాడు. మీ లెక్కలో అతనికి రాసిన సాధారణ సంభావ్యతలు ఆ చివరి ఏడు నిమిషాలకు వర్తించవు. బోనస్ తేగల మీ నమ్మకస్తుడి విభాగం చివర వస్తుందా, మొదట వస్తుందా అన్నది డ్రా తరువాత ఒకసారి చూసుకోండి.

సొంత మైదానం విషయం క్లుప్తంగా చెబుతాను. అయోవా జట్టు సొంత వేదిక కార్వర్-హాకై అరీనా వంటి చోట వేలమంది అరుపుల మధ్య, వెనకడుగు వేసే రెజ్లర్‌పై స్టాలింగ్ హెచ్చరిక, అంటే పోరాడకుండా కాలం గడుపుతున్నాడన్న హెచ్చరిక, కాస్త ముందే పడవచ్చునని చాలామంది నమ్ముతారు. నేను మాత్రం దానికి మొత్తం లెక్కలో ఒక పాయింటుకు మించి ఇవ్వను, అది కూడా సమ ఉజ్జీ బౌట్లు ఎక్కువగా ఉన్నప్పుడే.

చివరికి అంచనాను ఒక్క స్కోరుగా రాసి వదిలేయకుండా, ఏ రెండు విభాగాలు అటూ ఇటూ అయితే ఫలితం మారుతుందో దాని పక్కనే రాయండి. ఉదాహరణకు ‘22–13, కానీ 149, 184 రెండూ తిరగబడితే అవతలి జట్టుదే’ అని. మీట్ ముగిసిన తరువాత అదే కాగితాన్ని ముందు పెట్టుకుని, గెలుపు ఎవరిదన్న దగ్గర తప్పిన విభాగాలను ఒక రంగుతో, గెలుపు సరిగ్గా చెప్పినా తేడా దగ్గర తప్పినవాటిని మరో రంగుతో గుర్తించండి. రెండో రంగు పడిన రెజ్లర్ల పేర్లను వచ్చే వారపు మీట్ కాగితంపై ముందుగా రాసుకోండి.