క్రిస్మస్ సినిమా రాత్రికి స్నోమ్యాన్ ఫడ్జ్

క్రిస్మస్ సెలవుల్లో పిల్లలందరినీ పోగుచేసి ఇంట్లో సినిమా వేస్తున్నారా? ముందురోజే ఈ ఫడ్జ్, అంటే మెత్తటి చాక్లెట్ మిఠాయి, చేసి పెట్టుకోండి. పాకం పట్టే టెన్షన్ లేదు, నాకు నచ్చింది అదే.

400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్‌కి 500 గ్రాముల వైట్ చాక్లెట్ తురుము, చిటికెడు ఉప్పు. ఉప్పు మానకండి, అది లేకపోతే రెండో ముక్కకే వెగటు పుడుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో బాగా సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. చాక్లెట్ కరగగానే దించేయాలి, ఇంకాస్త ఉంచితే నూనె తేలిపోతుంది. దించాక చెంచాడు వెనిలా ఎసెన్స్ కలిపి, బటర్ పేపర్ పరిచిన 8 అంగుళాల చదరపు ట్రేలో పోయండి.

అసలు సరదా ఇక్కడే. పావుగంట ఆగి వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే చాకుతో గళ్లు గీసి, ఒక్కో గడిలో స్నోమ్యాన్ కళ్లకి రెండు చాక్లెట్ చిప్స్, క్యారెట్‌లాంటి ముక్కుకి ఒక నారింజరంగు టూటీఫ్రూటీ అద్దండి. వేడి మీద గుచ్చితే చిప్స్ కరిగి, కాటుక కారిన కళ్లలా అయిపోతాయి. ఈ పని పిల్లలకి వదిలేయండి, ఒక్కో మొహం ఒక్కోలా వస్తుంది.

3 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, చాకుని వేడినీళ్లలో ముంచి తుడుచుకుంటూ కోయండి.