బెంగళూరులో సైట్ కోసం ప్రైవేటు అప్పు తెస్తున్నారా?

బి ఖాతా (అనుమతుల్లో లోపాలున్న ఆస్తుల మున్సిపల్ రికార్డు) ఉన్న సైట్‌కి చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, అందుకే మారతహళ్లి వైపు మనవాళ్లు కొందరు తెలిసిన ఫైనాన్షియర్ దగ్గరికి పరిగెడతారు. వెళ్లండి, కానీ ముందు లెక్క వేసుకోండి: నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, పది లక్షలకు నెలనెలా 20,000 కట్టినా అసలు అలాగే ఉంటుంది. తీర్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేకపోతే ఆ జోలికే పోవద్దు.

అప్పు బ్యాంకు అకౌంట్‌లోకే వేయమనండి. 20,000, ఆపైన నగదుగా తీసుకుంటే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు అంత మొత్తమూ పెనాల్టీ వేయొచ్చు. హామీగా సేల్ అగ్రిమెంటో జీపీఏనో (మీ తరఫున సైట్ అమ్మే అధికారం ఇచ్చే పత్రం) రాసిమ్మంటారు (నేనూ ఒకసారి పెన్ను మూత తీశాక ఆగాను), వద్దు, తనఖా రిజిస్టర్ చేయిస్తాననండి. తీర్చాక దాని విడుదల పత్రం కూడా రిజిస్టర్ చేయించి, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఈసీ (సైట్ మీద తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీసి చూసుకోండి.