అడంగల్ చదివినట్టు బాంబర్ మిషన్ చదవడం ఎలా

34 ఏళ్లు రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. ఆ మధ్య సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంగ్లండ్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. నార్ఫోక్ జిల్లా. సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆ పక్క పొలాల్లో అక్కడక్కడా పాత సిమెంటు రోడ్ల ముక్కలు కనిపిస్తాయి. ఎక్కడా మొదలవవు, ఎక్కడికీ పోవు. ఎవడో పొలం ఆక్రమించి రోడ్డు వేశాడేమో అనుకున్నాను, అలవాటు కొద్దీ. అవి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లు ఎగిరిన రన్‌వేలని మా అబ్బాయి చెప్పాడు.

అక్టోబరులో థోర్ప్ అబ్బాట్స్‌కి తీసుకెళ్లాడు. 100వ బాంబార్డ్‌మెంట్ గ్రూప్ అనే అమెరికన్ బాంబర్ దళం ఉన్న చోటు. అప్పటి కంట్రోల్ టవరే ఇప్పుడు మ్యూజియం. లోపల ఫార్మేషన్ షీట్ ఒకటి చూశాను. ఏ విమానం ఎవరి పక్కన, ఎవరి కింద ఎగరాలో గీసిన కాగితం అది. చూడగానే మా ఎఫ్.ఎం.బి. స్కెచ్, అంటే పొలాల హద్దులు కొలిచి గీసిన పటం, గుర్తొచ్చింది. ఇది మనకు చదవడం వచ్చే కాగితమే కదా అనిపించింది. ఆ చలికాలమంతా అదే పని పెట్టుకున్నాను. ఈ సంగతుల మీద ఆసక్తి ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ల కోసం నా పద్ధతి రాస్తున్నాను.

ముందు ఒక్క గ్రూపు, ఒక్క రోజు ఎంచుకోండి. యుద్ధమంతా చదవబోతే మిగిలేది తలనొప్పే. గ్రూపు అంటే నాలుగు స్క్వాడ్రన్లు. 1943లో ఒక గ్రూపు ఒక రోజుకి 18 నుంచి 21 విమానాలు పంపగలిగితే గొప్ప. మూడు గ్రూపులు కలిస్తే ఒక కంబాట్ వింగ్. మధ్యలో ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. ఎంచుకున్న గ్రూపు బి-17లు నడిపిందా, బి-24లా అన్నదీ ముందే చూసుకోండి, ఈ రెండూ అమెరికన్ బాంబర్ రకాలు. (బి-24లు మన వైమానిక దళంలో 1968 దాకా పనిచేశాయి. బ్రిటన్‌లో ఆర్.ఎ.ఎఫ్. మ్యూజియానికి 1974లో ఒకటి ఇచ్చింది మనమే.)

నేను 100వ గ్రూపు, 1943 అక్టోబరు 10 తీసుకున్నాను. ఆదివారం, బాంబులు వేయాల్సిన ఊరు జర్మనీలోని మ్యూన్‌స్టర్. థోర్ప్ అబ్బాట్స్ నుంచి నేరుగా సుమారు 440 కిలోమీటర్లు, మనకు విజయవాడ నుంచి చెన్నై రోడ్డంత. వరసగా మూడో రోజు మిషన్. 8న బ్రెమెన్‌లో ఈ గ్రూపు ఏడు విమానాలు పోగొట్టుకుంది. 9న పోలండ్ వైపు మారియెన్‌బర్గ్ దాకా పోయి వచ్చారు. 10న ఈ గ్రూపు నుంచి మ్యూన్‌స్టర్ దాకా వెళ్లినవి 13. తిరిగొచ్చింది ఒకటి.

ఇక కాగితం తీయండి. చార్ట్ పేపరైతే మేలు, పెన్సిల్‌తోనే రాయండి. విమానానికొక వరస. గళ్లు ఇవి: సీరియల్ నంబరు, విమానం పేరు, పైలట్, స్క్వాడ్రన్, ఫార్మేషన్‌లో చోటు, చివరిసారి ఎక్కడ కనబడింది, ఏమైంది, ఈ మాట ఎవరు చెప్పారు. ఆఖరి గడి అనవసరం అనిపిస్తుంది. దాన్ని వదిలేస్తే నెల తర్వాత మీ కాగితాన్ని మీరే నమ్మరు.

సర్వే నంబరు ఎలాంటిదో సీరియల్ నంబరు అలాంటిది. మనుషులు మారతారు, పేర్లు మారతాయి, అది మారదు. 42-6087 అంటే 1942 బడ్జెట్ సంవత్సరంలో కొన్న విమానం. తోక మీద మాత్రం మొదటి 4 వదిలేసి 26087 అని రాస్తారు. పాత ఫొటోలో తోక చూసి నంబరు వెతికేటప్పుడు ముందు ఆ 4 చేర్చుకోండి. ఇది తెలియక వారం రోజులు తిప్పలు పడ్డాను. తోక పైభాగాన చతురస్రంలో డి అక్షరం ఉంటే అది 100వ గ్రూపు. పక్కన బాడీ మీది రెండక్షరాలు స్క్వాడ్రన్ గుర్తు, ఎల్‌డి అంటే 418వది.

అసలు చిక్కు ఇక్కడుంది. మన అడంగల్‌లో పట్టాదారు ఒకరు, అనుభవదారు ఒకరు ఉంటారు కదా, ఇక్కడా అంతే. ఫలానా విమానం ఫలానా పైలట్‌ది అని కథల్లో చెబుతారు. ఆ రోజు దాన్ని నిజంగా నడిపింది ఎవరో లోడింగ్ లిస్టు, అంటే ఏ విమానంలో ఎవరెక్కారో రాసిన జాబితా, చూస్తేగానీ తెలియదు. రాబర్ట్ రోసెంథాల్ అని బ్రూక్లిన్ నుంచి వచ్చిన లాయరు. ఆయన విమానం పేరు రోజీస్ రివెటర్స్ అని అందరూ చెబుతారు. మ్యూన్‌స్టర్‌కి ఆయన వెళ్లింది అందులో కాదు. బ్రెమెన్‌లో అది బాగా దెబ్బతింది కాబట్టి రాయల్ ఫ్లష్ అనే వేరే విమానం ఇచ్చారు. ఇందాకటి 42-6087 అదే. ఆ రోజు తిరిగొచ్చిన ఒక్కటీ అదే. రెండు ఇంజన్లు ఆగిపోయి, రెక్కకు పెద్ద చిల్లు పడి, ఇద్దరు గన్నర్లకు గాయాలై, ఎలాగో చేరింది. పేరు పట్టుకుని వెతికితే మీకు ఇది దొరకదు, నంబరు పట్టుకుంటేనే దొరుకుతుంది.

మనుషుల లెక్కలోనూ జాగ్రత్త. బి-17లో మామూలుగా పది మంది: పైలట్, కో-పైలట్, నావిగేటర్, బాంబార్డియర్, ఇంజనీరు, రేడియో మనిషి, పొట్ట కింద గుండ్రటి టరెట్‌లో (తుపాకులుండే గూడు) ఒకడు, నడుము దగ్గర ఇద్దరు, తోకలో ఒకడు. 20,000 అడుగుల పైన ఆక్సిజన్ మాస్కుతో, మైనస్ 40 డిగ్రీల చలిలో, కిటికీలు తెరిచే ఉంటాయి. ముందు నడిపించే విమానంలో పెద్ద అధికారి ఎక్కుతాడు. మ్యూన్‌స్టర్ రోజున మేజర్ జాన్ ఈగన్ అలాగే బ్రేడీ అనే పైలట్ విమానంలో వెళ్లాడు. రెండు రోజుల ముందు బ్రెమెన్‌లో కూలిపోయిన గేల్ క్లెవెన్ ఆయన ప్రాణ స్నేహితుడు. ఈగన్ విమానమూ కూలింది. చివరికి ఇద్దరూ ఒకే ఖైదీల శిబిరంలో కలిశారు. విమానాల సంఖ్యను పదితో హెచ్చవేసి మనుషుల లెక్క రాయొద్దని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

తర్వాత సమయం. నేను ఎక్కువ పొరపాట్లు చేసింది ఇక్కడే. యుద్ధకాలంలో బ్రిటన్ వేసవిలో గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరిపింది, 1943లో ఆగస్టు 15న మళ్లీ ఒక గంట వెనక్కి తెచ్చింది. జర్మనీ అక్టోబరు 4న మార్చుకుంది. కాబట్టి మ్యూన్‌స్టర్ రోజున రెండు వైపుల గడియారాలూ ఒకటే చెబుతాయి. అదే ఆగస్టు 17 రేగెన్స్‌బర్గ్ మిషన్ తీసుకుంటే గంట తేడా. జర్మన్ కాగితాల ప్రకారం మూడింటికి కూలిన విమానం, ఇంగ్లండ్ కాగితాల ప్రకారం రెండింటికి కూలుతుంది. ఇవి రెండు విమానాలనుకుని నేను రెండు వరసలు రాశాను. మా మనవడు పట్టుకున్నాడు.

ఇప్పుడు మ్యాపు మీద దారి గీయండి. విమానాలు లేచి, రేడియో బీకన్ల మీద తిరుగుతూ ఒకరినొకరు కలుసుకోవడానికే చాలాసేపు పడుతుంది. ఆ భాగం గబగబా దాటేయొచ్చు. రెండు చోట్లే ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఒకటి, కాపలా ఫైటర్లు ఇంధనం చాలక వెనక్కి తిరిగిన చోటు. రెండోది ఐ.పి., అంటే బాంబు వేయడానికి నేరుగా తిరిగే చోటు. ఐ.పి. దాటాక పైలట్ పక్కకు తప్పుకోకూడదు, నార్డెన్ బాంబ్‌సైట్ (బాంబుకు గురి చూసే పరికరం) చెప్పినట్టే పోవాలి. 100వ గ్రూపు ఆ రోజు వింగ్‌లో కింద ఉంది. జర్మన్ ఫైటర్లు ఒక గ్రూపును ఎంచుకుని అందరూ దాని మీదే పడ్డారు. రెండింజన్ల విమానాలు మెషిన్‌గన్లకు అందని దూరం నుంచి రాకెట్లు కొట్టాయి. నిమిషాల్లో ఫార్మేషన్ చెదిరిపోయింది. వింగ్ మొత్తం మీద 25 పోయాయి: 100వది 12, 390వది 8, 95వది 5. పై అధికారుల నివేదికలో మిగతా వింగ్‌లతో కలిపి ఆ రోజు మొత్తం నష్టం 30. మీ కూడిక ఈ అంకెలకు సరిపోతుందో లేదో అక్కడే చూసుకోండి.

శత్రువు విమానాలు ఎన్ని కూల్చామన్న లెక్క మాత్రం నమ్మొద్దు. పంట నష్టం ఎన్యూమరేషన్‌లో ఒకే ఎకరం మూడు పేర్ల మీద ఎక్కినట్టే ఇదీ. ఒకే ఫైటర్‌ని పది మంది గన్నర్లు కాలుస్తారు, పది మందీ నేనే అంటారు. వాళ్లది అబద్ధం కాదు, ఎవరి కిటికీలోంచి వాళ్లు చూసింది చెప్పారు. ఆగస్టు 17న అమెరికన్లు 288 కూల్చామన్నారు. జర్మన్లు నిజంగా పోగొట్టుకున్నవి అందులో కొద్ది భాగమే.

తప్పిపోయిన దాదాపు ప్రతి విమానానికీ ఎం.ఎ.సి.ఆర్. అనే నివేదిక ఉంటుంది, మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్. ఇంజన్ల నంబర్లు, తుపాకుల నంబర్లు, ఇంటి చిరునామాలు, పక్క విమానం వాళ్లు చూసింది, అన్నీ అందులోనే. దాన్ని వెనక నుంచి చదవండి. ఖైదు నుంచి బయటపడ్డవాళ్లు యుద్ధం అయ్యాక నింపిన ప్రశ్నావళి చివరన ఉంటుంది, ‘ఆఖరుసారి అతను మీకు ఎక్కడ కనిపించాడు’ లాంటి ప్రశ్నలతో. మొదటి పేజీలో చెప్పింది అక్కడ తరచూ మారిపోతుంది.

కింద ఉన్న ఊరికీ ఒక వరస ఉంచండి. మ్యూన్‌స్టర్ గురించి క్లుప్త నివేదికల్లో రైల్వేలు, జలమార్గాలు అని ఉంటుంది. ఆ పొద్దున బ్రీఫింగ్‌లో చూపించిన గురి మాత్రం పాత ఊరి నడిబొడ్డు, చర్చి ఉన్న చోటు. కొందరు విమానయానులకే అది మింగుడు పడలేదు. హద్దుల వివాదంలో ఒక పక్క రైతు మాటే విని సంతకం పెట్టే అలవాటు నాకు లేదు, అందుకే జర్మన్ వైపు కూడా చదివాను. ఈ వరస నింపడానికి మిగతా పదమూడింటి కన్నా ఎక్కువ రోజులు పట్టింది.

ఆఖరుగా, వీలైతే కేంబ్రిడ్జ్ దగ్గర మాడింగ్లీ శ్మశానానికి వెళ్లండి. అక్కడ రాతి గోడ మీద ఆచూకీ తెలియనివాళ్ల పేర్లు 5,127 చెక్కారు, ప్రెసిడెంట్ కెనెడీ అన్న జోసెఫ్ పేరుతో సహా. కొన్ని పేర్ల పక్కన చిన్న కంచు పువ్వు ఉంటుంది. తర్వాత ఎప్పుడో శరీరం దొరికి, గుర్తుపట్టారని అర్థం. మా భాషలో చెప్పాలంటే మ్యుటేషన్ ఎంట్రీ. ఆ గోడ మీద రికార్డు ఇంకా మారుతూనే ఉంది కాబట్టి, మీ కాగితంలో ‘ఏమైంది’ గడిని ఎప్పటికీ ఇంకుతో దిద్దకండి.